బొమ్మ ట్రాక్టరే.. బాయిలరు మాత్రం నిజమైనదే!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: జానెడుకు కాస్త మించిన పొడవు. వెనుక రెండు పెద్ద చక్రాలు, ముందు రెండు చిన్నవి. నడుమ ఇత్తడి బాయిలరు, పైన పొగగొట్టం, పక్కన గిర్రున తిరిగే ఫ్లైవీలు. బాయిలరులో నీళ్లు పోసి, అడుగున స్పిరిటు వెలిగించి, ఐదు పది నిమిషాలు ఓపిక పడితే చాలు. చుక్ చుక్ మంటూ, ఆవిరి చిమ్ముకుంటూ, గచ్చు మీద తనంత తానే నడిచిపోతుంది. బ్యాటరీ లేదు. తాళం తిప్పే స్ప్రింగు లేదు. తాత ముత్తాతల కాలం నాటి ఆవిరి ట్రాక్టరుకు అచ్చు గుద్దినట్లుండే నమూనా ఇది.

ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశాల్లో ఇలాంటి నమూనాలు నడపడం ఎందరికో సరదా. పిల్లలకే కాదు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలకూ ఇదే కాలక్షేపం. మన వైపు ఈ సరదా కనిపించదు. అయినా దీని సంగతి ఇక్కడి రైతులు, మిల్లు కార్మికులు, సాంచాల పనివారు తెలుసుకోదగినదే. ఆ బొమ్మలో మండే నిప్పు, మరిగే నీరు, బిగిసిన ఆవిరి.. ఈ మూడూ మన రైసుమిల్లు బాయిలరులో ఉన్నవే మరి. అక్కడ ఇనుప గోడల వెనుక జరిగేది ఇక్కడ కళ్లెదుట జరుగుతుంది.

మనకు కొత్త కాదు

ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊక మండించి ఆవిరి పుట్టిస్తారు. ఆ ఆవిరితోనే వడ్లు ఉడుకుతాయి. సిరిసిల్ల సైజింగు యూనిట్లలో గంజి పట్టించిన పడుగు నూలు ఆవిరితో కాగిన డ్రమ్ముల మీదుగా పోయి ఆరుతుంది. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడే దాకా చెరకు పిప్పితో బాయిలర్లు మండించింది. ఇంట్లో పప్పు ఉడికే కుక్కరు కూడా ఒక చిన్న బాయిలరే.

ఆవిరితో నడిచే రైలింజను మాత్రం జగిత్యాల, కోరుట్లల గడప తొక్కలేదు. పెద్దపల్లి, రామగుండం వైపు వెళ్లిన పాతతరం వారు కాజీపేట - బల్లార్షా లైను మీద బొగ్గు ఇంజన్లను చూశారు. పెద్ద లైన్ల మీద బొగ్గు ఇంజన్ల రోజువారీ నడక 1995తో ఆగిపోయింది. పెద్దపల్లి నుంచి జగిత్యాల, కోరుట్ల మీదుగా నిజామాబాద్ దాకా లైను పూర్తయి రైలు నడిచింది 2017లో. సిరిసిల్ల మీదుగా పోయే మనోహరాబాద్ - కొత్తపల్లి లైనుకు శంకుస్థాపన జరిగిందే 2016లో. అంటే పట్టాలు వచ్చేసరికి ఆవిరి వెళ్లిపోయింది.

ఆవిరి రోడ్డు రోలర్లు మాత్రం మన దేశమంతటా తిరిగాయి. టాటాల టెల్కో కంపెనీ 1940ల చివరలో ఇంగ్లండులోని మార్షల్ కంపెనీ సహకారంతో వీటిని మన దేశంలోనే తయారు చేసింది. ఆ రోలరు, ఆవిరి ట్రాక్టరు అన్నదమ్ములే. ముందు చక్రాల స్థానంలో బరువైన దొర్లుడు చక్రం పెడితే రోలరు, మామూలు చక్రాలు పెడితే ట్రాక్టరు. కంకర మీద రోలరు దొర్లుతుంటే చూసిన వారికి ఈ బొమ్మ ఎలా నడుస్తుందో సగం తెలిసినట్టే.

పొలంలోకి ఎందుకు దిగలేదు?

మొదట్లో ఇంగ్లండు పొలాల్లోనూ ఆవిరి ఇంజనును గుర్రాలే లాగేవి. కళ్లం దగ్గరికి లాక్కుపోయి, నిలబెట్టి, బెల్టు తగిలించి నూర్పిడి చేసేవారు. వంద గొర్రెల పని చేసే ఏనుగును గొర్రెల చేత మోయించినట్లుండేది ఆ వ్యవహారం. థామస్ ఆవెలింగ్ అనే రైతు 1859లో ఇంజను నుంచి వెనుక చక్రాలకు గొలుసు కలిపి దాన్ని తనంత తానుగా నడిపించాడు. ఆ గొలుసుతోనే ట్రాక్టరు పుట్టిందనుకోవచ్చు.

దుక్కి కథ వేరు. పది టన్నులకు పైబడిన ఇంజను మెత్తటి పొలంలోకి దిగితే నేల గట్టిపడుతుంది, చక్రాలు కూరుకుపోతాయి. జాన్ ఫౌలర్ అనే ఆయన ఒక ఉపాయం పట్టాడు. ఇంజను గట్టు మీదే ఉంటుంది. దాని కింది డ్రమ్ముకు ఇనుప తాడు చుట్టుకుంటుంది. ఆ తాడు నాగలిని పొలానికి అడ్డంగా లాగుతుంది. మోట తోలిన వారికి వేరే చెప్పనక్కరలేదు. బరువైనది ఒడ్డున ఉండి తాడు మాత్రమే పని చేయడమన్న సూత్రం మోటదే. ఫౌలరుకు 1858లో ఇంగ్లండు రాయల్ వ్యవసాయ సంఘం 500 పౌన్ల బహుమతి ఇచ్చింది. తర్వాతి కాలంలో రెండు గట్ల మీద రెండు ఇంజన్లు పెట్టి నాగలిని ఇటూ అటూ లాగించారు.

ఎకరం, అరెకరం మడికట్ల మధ్య అంతటి యంత్రాన్ని తిప్పడం కుదిరే పనేనా? నల్లరేగడిలో వాన పడ్డాక ఎడ్లబండే కదలదు. బొగ్గు మోయాలి, నీళ్లు మోయాలి, తెల్లవారకముందే నిప్పు రాజేయాలి. మన పల్లెల్లో మోట తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు కాలువలు పారాక డీజిలు ట్రాక్టర్ల జోరు పెరిగింది. నడుమన ఆవిరి ట్రాక్టరుకు చోటే లేకపోయింది.

అమెరికాలో మాత్రం మైళ్ల కొద్దీ ఒకే చెక్కగా ఉండే గోధుమ భూముల్లో అది రాజ్యమేలింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని కేస్ కంపెనీ ఒక్కటే 1920ల దాకా 35 వేలకు పైగా ఆవిరి ఇంజన్లు తయారు చేసింది.

మోటారు మీది పేరు.. ఒకనాటి పిల్లవాడిది

క్రాంప్టన్ అన్న పేరు ఫ్యాను మీదనో, పంపుసెట్టు మోటారు మీదనో చూడని ఊరు లేదు. అది ఒక మనిషి ఇంటి పేరు. రూక్స్ క్రాంప్టన్ 1845లో ఇంగ్లండులో పుట్టాడు. హారో పాఠశాలలో చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా సొంత వర్కుషాపులో ఆవిరి బండి కడుతూ కూర్చునేవాడు. దానికి 'బ్లూబెల్' అని పేరు పెట్టుకున్నాడు. బొమ్మ కూడా కాదు, రోడ్డు మీద నడిచే బండే!

పెద్దయ్యాక సైన్యంలో చేరి మన దేశం వచ్చాడు. ఎడ్లబండ్ల మీద సామాను నత్తనడక నడవడం చూసి, ఆవిరి ట్రాక్టర్లతో లాగిద్దామని ప్రభుత్వాన్ని ఒప్పించాడు. చక్రాలకు రబ్బరు తొడిగిన థామ్సన్ ఇంజన్లు తెప్పించి 1870లలో పంజాబు రోడ్ల మీద నడిపించాడు. వాటికి చీనాబ్, రావి అంటూ నదుల పేర్లు పెట్టారు. చీనాబును ఇక్కడికి పంపేముందు 1871లో ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ నుంచి స్కాట్లండులోని ఎడింబరో దాకా రోడ్డు మీద నడిపి పరీక్షించారు కూడా. మన నేల మీద ఆవిరి ట్రాక్టరు తిరగనే లేదనుకుంటే పొరపాటన్నమాట. రైళ్లు విస్తరించాక ఆ పథకం ఆగిపోయింది. క్రాంప్టన్ స్వదేశానికి పోయి 1878లో కంపెనీ పెట్టి కరెంటు యంత్రాల వైపు తిరిగాడు. ఆ కంపెనీ వారసత్వం మన దేశంలో క్రాంప్టన్ గ్రీవ్స్ దాకా వచ్చింది. సెలవుల్లో పానాలు పట్టుకు తిరిగిన పిల్లవాడి పేరు ఇవాళ మన బావుల గట్ల మీద ఉంది.

బీరు పీపా పందెం

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులో ఆవిరి ట్రాక్టర్లు పాత ఇనుము సామాను కింద తూకానికి పోసాగాయి. 1950లో యాపిల్‌ఫోర్డ్ అనే ఊరి రైతు ఆర్థర్ నాపర్ 'ఓల్డ్ టైమర్' అనే తన పాత ఇంజనుతో మరొక యజమాని ఇంజను మీద పరుగు పందెం కాశాడు. పందెం సొమ్ము ఒక పీపా బీరు. నాపరే గెలిచాడు. మన ఎడ్ల పందేల మాదిరిగా చూడటానికి జనం ఎగబడ్డారు. అక్కడి నుంచి ఏటేటా ఆవిరి జాతరలు మొదలయ్యాయి. ఆ పీపా బీరు ఎన్నో ఇంజన్లను కొలిమి పాలు కాకుండా కాపాడింది.

అంతటి యంత్రాన్ని కొనే స్తోమత, నిలిపే కొట్టం అందరికీ ఉండవు కదా. అందుకే నమూనాలు. ఇంగ్లండులో 1937లో పుట్టిన మమోడ్ కంపెనీ 1960ల మొదట్లో ఆవిరి రోలరు, ఆ వెనుకే ఆవిరి ట్రాక్టరు బొమ్మలు విడుదల చేసింది. జర్మనీలో విలెస్కో కంపెనీది అదే వ్యాపారం. కొనుక్కోవడం నామోషీ అనుకునే వారు లేత్ మిషను పెట్టుకుని సొంతంగా చేసుకుంటారు. వారి కోసం 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక 1898 నుంచే వెలువడుతోంది.

కొలత లెక్క సులువే. అడుగుకు ఒక అంగుళం అంటే అసలు దానిలో పన్నెండో వంతు. బల్ల మీద పెట్టుకోవచ్చు. అడుగుకు నాలుగంగుళాలంటే మూడో వంతు. అది నిజంగానే బొగ్గుతో మండుతుంది. వెనుక చిన్న ట్రాలీ తగిలించి, దాని మీద కూర్చుని, నలుగురైదుగురు పిల్లలను లాక్కుపోవచ్చు. ఇలాంటిది ఒకటి చేయడానికి సాయంత్రాలు వెచ్చిస్తూ ఏళ్లకేళ్లు గడిపేవారున్నారు. పెళ్లినాడు మొదలుపెట్టి కొడుకు బడికి పోయేనాటికి పూర్తి చేసినా ఆశ్చర్యం లేదు.

నడిపే తీరు

ఈ సరదాలో అసలు పని నిప్పు వెలిగించక ముందే ఉంటుంది. మొదట నీళ్లు. బోరు నీళ్లు పనికిరావు. బిందె అడుగున, హీటరు రాడ్డు మీద పేరుకునే తెల్లటి పొరే బాయిలరు లోపలా పేరుకుంటుంది. వడగట్టిన వాన నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే నీళ్లు గానీ మంచివి. కాచిన నీళ్లు పోస్తే స్పిరిటు ఆదా. నిండా పోయకూడదు. పైన ఆవిరి నిలిచేందుకు చోటు ఉండాలి.

తర్వాత నూనె. చక్రాల ఇరుసులకు మామూలు నూనె సరిపోతుంది. సిలిండరు లోపలికి మాత్రం ఆవిరికి తట్టుకునే చిక్కటి నూనె కావాలి. కుట్టు మిషను నూనె వేస్తే ఆవిరి కడిగేస్తుంది, పిస్టను ఒరుసుకుంటుంది. ఆ పైన సేఫ్టీ వాల్వు. దాని కాడను వేలితో లాగి, అంటుకోకుండా కదులుతోందో లేదో చూడాలి. కదలకపోతే ఆరోజు సరదా అక్కడితో సరి.

ఇప్పుడు నిప్పు. కాసేపటికి బాయిలరు సన్నగా మూలుగుతుంది. ఇంజను మాత్రం తనంత తాను కదలదు. సిలిండరు ఇంకా చల్లగానే ఉంటుంది. లోపలికి వచ్చిన తొలి ఆవిరి అక్కడే నీరైపోతుంది. నీరు అణగదు కనుక బలవంతంగా తిప్పితే ఏదో ఒకటి విరుగుతుంది. ఫ్లైవీలును వేలితో మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాలి. గొట్టంలోంచి నీటి తుంపర్లు ఉమ్ముతుంది. నాలుగైదు చుట్లు ఉమ్మాక దమ్ము పట్టుకుంటుంది. ఇక ఆగదు.

చిన్న బొమ్మలకు స్టీరింగు చక్రం నుంచి పొడవాటి కడ్డీ పైకి వస్తుంది. అది పట్టుకుని వెనుక నడుస్తూ మలుపులు తిప్పాలి. నాగలి మేడి పట్టిన తీరే. ట్రాక్టరును నిలబెట్టి బెల్టు వేస్తే చిన్న రంపం, చిన్న నూర్పిడి మిషను కూడా తిరుగుతాయి.

పెద్ద నమూనాల్లో ఒక చిత్రం ఉంది. పని చేసి బయటికి వచ్చే ఆవిరిని పొగగొట్టంలోకే వదులుతారు. అది పైకి దూసుకుపోతూ పొయ్యిలోని పొగను కూడా లాక్కుపోతుంది. ఆ లాగుడుకు కింద గాలి జొరబడి నిప్పు రాజుకుంటుంది. చుక్ చుక్ శబ్దం దానిదే. ట్రాలీలో మరో ఇద్దరు ఎక్కారనుకోండి, శబ్దం బరువెక్కుతుంది, లాగుడు పెరుగుతుంది, మంట కూడా పెరుగుతుంది. ఎవరూ తిత్తి ఊదనక్కరలేదు. బరువు పెరిగిన కొద్దీ కొలిమి తనను తాను ఊదుకుంటుంది. ఆవిరి యంత్రంలో ఇంతకంటే అందమైన ఏర్పాటు మరొకటి లేదు.

పది, పదిహేను నిమిషాల్లో చిన్న బొమ్మ ఆట ముగుస్తుంది. నీళ్లు అయిపోకముందే స్పిరిటు అయిపోవాలి. కొలత అలాగే పోసుకోవాలి. 'ఇంకాస్త' అని నీళ్లు చూడకుండా స్పిరిటు పోసేవాడి చేతికి ఈ బొమ్మ ఇవ్వకూడదు.

నీళ్లు తగ్గితే ఏమవుతుంది?

లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,600 లీటర్లకు పైగా చోటు కావాలంటుంది. బాయిలరు ఆ చోటు ఇవ్వదు. అదే దాని బలం, అదే దాని ప్రమాదం. నీళ్లున్నంత సేపు మంట వేడిని నీరు గుంజుకుంటుంది కనుక లోహం క్షేమం. నీటి మట్టం దిగి పొయ్యి పైరేకు బయటపడితే ఆ రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది. ఒత్తిడికి చిరుగుతుంది. లోపల బిగిసి మరుగుతున్న నీరంతా ఒక్క క్షణంలో ఆవిరవుతుంది.

2001 జులై 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మెడినా కౌంటీ సంత మైదానంలో జరిగింది ఇదే. పాత కేస్ ట్రాక్టరు ఒకటి ప్రదర్శనకు వచ్చి పేలిపోయింది. నడుపుతున్న యజమాని, ఆయన కుమారుడితో సహా ఐదుగురు మరణించారు. యాభై మంది వరకూ గాయపడ్డారు. బాయిలరులో నీళ్లు తగ్గడం, రేకులు అరిగిపోయి ఉండటం దర్యాప్తులో బయటపడ్డాయి. నీళ్లు తగ్గితే కరిగి హెచ్చరించాల్సిన మెత్తటి లోహపు బిరడా కూడా గార పట్టి పని చేయలేదు. ఆ తర్వాతనే ఒహాయోలో పాత బాయిలర్ల తనిఖీకి, నడిపేవారి లైసెన్సుకు చట్టం చేశారు.

అలాంటి బిరడా మన ఇళ్లలోనూ ఉంది. కుక్కరు మూత మీద విజిలుకు పక్కన ఉండే చిన్న సేఫ్టీ వాల్వు అదే. నీళ్లు ఇంకిపోతే కరిగి ఆవిరిని వదిలేస్తుంది. అది పోయినప్పుడు అసలుది తెచ్చి బిగించకుండా ఏ స్క్రూనో దిగ్గొట్టే వారున్నారు. అది పేలుడుకు తలుపు తీసిపెట్టడమే.

రైసుమిల్లు బాయిలరును ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వచ్చి తనిఖీ చేస్తాడు. దాన్ని చూసుకునే మనిషికి సర్టిఫికెట్ ఉండాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. అందులోనూ పాతిక లీటర్లకు లోపు బాయిలర్లు చట్టం పరిధిలోకి రావు. బొమ్మ ట్రాక్టర్లన్నీ దాదాపు ఆ లోపువే. కాబట్టి ఇన్‌స్పెక్టరు రాడు. నడిపేవాడే ఇన్‌స్పెక్టరు.

చేతులకు కొదవ లేదు

చిన్న వస్తువు చేయడం మన ప్రాంతానికి తెలియని విద్య కాదు. సిరిసిల్లకు చెందిన నల్ల పరంధాములు, ఆయన కుమారుడు విజయ్ అగ్గిపెట్టెలో ఇమిడే చీరలు నేసి పేరు పొందారు. అదే ఊరి నేతకారుడు వెల్ది హరిప్రసాద్ మగ్గం మీద నేసి పంపిన జీ-20 గుర్తు గురించి ప్రధాని 2022 నవంబరులో రేడియోలో చెప్పారు. సాంచాలు బాగుచేసే మిస్త్రీలు, మోటార్లు విప్పి బిగించే మెకానిక్కులు, లేత్ మిషన్ల మీద ఇరుసులు తిప్పే పనివారు ఈ మూడు పట్టణాల్లోనూ ఉన్నారు. సిలిండరు, పిస్టను, చక్రాలు వారికి లెక్క కాదు.

చిక్కంతా బాయిలరు దగ్గరే. రేడియో రిపేరుకు వాడే తగరం, సీసం టంకం సుమారు 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏడు కిలోల ఒత్తిడిలో ఆవిరి 170 డిగ్రీలకు చేరుకుంటుంది. నడుమ మిగిలింది పదమూడు డిగ్రీలే. అందుకే రాగి రేకుకు వెండి టంకం వేస్తారు. అది ఎర్రటి వేడికి గానీ కరగదు. పాత డబ్బానో, పాత గ్యాసు సిలిండరునో బాయిలరు చేద్దామన్న ఆలోచన దగ్గరికే రానీయరాదు.

చేసిన బాయిలరును నిప్పు మీద పెట్టేముందు ఇంగ్లండు క్లబ్బుల్లో నీటితో పరీక్షిస్తారు. గాలి బుడగ మిగలకుండా చన్నీళ్లతో నింపి, చేతి పంపుతో ఒత్తిడి పెంచుతారు. నడిపేటప్పుడు ఉండే ఒత్తిడికి రెట్టింపు దాకా కొత్త బాయిలరు ఓర్చుకోవాలి. పంక్చరు షాపు గాలి మిషను పెడితే తొందరగా అవుతుంది కదా అనిపించవచ్చు. గాలి అణిగి ఉంటుంది. అతుకు విడితే అణిగిన గాలి తూటాలా చీల్చుకు వస్తుంది. నీరు అణగదు కనుక అతుకు విడినా నాలుగు చుక్కలు కారి ఊరుకుంటుంది. పంపు ఆపి, గేజి ముల్లు వైపు చూస్తూ కూర్చుంటారు. ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతున్నట్లే. బాయిలరు మళ్లీ టంకం బల్ల మీదికి పోతుంది.